వ్యాపారము సేవ కాగలదా?

(శతవార్షికోత్సవ కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ కూటములలో మాట్లాడుటకు విద్యావంతులు అనేకులున్నారు. నేను చదివినది ఎస్.ఎస్.సి. మాత్రమే. నరసాపురం ప్రాంతములో నలుబది సంవత్సరములకు పైగా లేసు వ్యాపారము చేసిన చిన్నవాడను. "చిన్న వ్యాపారికి లాభము గాక వేరొక ఉద్దేశము ఉండగలదా? మీ అనుభవము చెప్పండి" అని నిర్వాహకులు కోరినప్పుడు నేను మొదట ఒప్పుకొనలేదు. ఎందుకనగా ఈ విషయములో నా అనుభవము సిగ్గుతో ఆరంభమైనది. ఆలోచించిన మీదట, ఆ సిగ్గుపడిన సంగతి చెప్పుటయే మీకు ఎక్కువ మేలని తోచి వచ్చినాను.

ముందుగా ఒక మాట. లాభము పాపమని చెప్పుటకు నేను నిలువబడలేదు. తుయతైర పట్టణపు లూదియ ఊదారంగు పొడి అమ్మిన స్త్రీ. పౌలు, అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టి బ్రదికినవారు. లాభము లేనిదే రేపు దారము కొనలేము, దారము లేనిదే లేసు లేదు, లేసు లేనిదే దానిమీద బ్రదుకు ఇండ్లు లేవు. నష్టపోయిన వ్యాపారి ఎవరికిని సేవ చేయలేడు. కనుక ప్రశ్న లాభము ఉండవలెనా వద్దా అన్నది కాదు. అది ఎవరి దగ్గరనుండి, ఏ విధముగా వచ్చుచున్నది అన్నదే.

మనలో చాలమంది దీనికి ఒక సులువైన జవాబు చెప్పుకొందుము. "వ్యాపారము వ్యాపారమే. వచ్చిన దానిలో దశమభాగము ఇచ్చుదము. గుడికి ఫ్యాను వేయించుదము, క్రిస్మసుకు బీదలకు బట్టలు పంచుదము. అదే మన సేవ." నేనును ఆలాగుననే అనుకొన్నాను. గల్లాపెట్టెకును కానుకల సంచికిని మధ్య ఒక గోడ కట్టుకొని, గోడకు ఇవతల వ్యాపారిగాను, అవతల విశ్వాసిగాను చాల సుఖముగా ఉంటిని. ఆ గోడ ఎట్లు పడినదో చెప్పవలెనన్న, మా లేసు సంగతి కొంచెము చెప్పవలెను.

1836లో ఇంగ్లండు నుండి మన దేశమునకు వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురములో సువార్త పని చేసిరి. ఆ తరువాత, 19వ శతాబ్దములోనే, గోదావరి ప్రాంతములో మిషనరీ దొరసానులు మన స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. ఇంటిలో అన్నము లేని స్త్రీ చేతికి ఒక సూదియు దారపు ఉండయు ఇచ్చి, అల్లినది తమ దేశములోని స్నేహితులకు పంపి, వచ్చిన డబ్బు ఆమెకిచ్చిరి. ఆ పనికి మొదటి ఉద్దేశము ఆమె పొయ్యి వెలుగుట. 1899 కరువును ఆ పని దాటి నిలిచినది. క్రైస్తవ స్త్రీల నుండి అది తక్కిన కులముల స్త్రీలకును ప్రాకినది. ఇల్లు కదలరాని కట్టుబాటు గల ఇండ్లలో సైతము లేసు అల్లిరి. తరువాత వ్యాపారులు వచ్చిరి, ఎగుమతులు పెరిగినవి, మేడలు లేచినవి. సూది పట్టిన చేయి మాత్రము ఆ అరుగు మీదనే మిగిలినది.

1978, 79 సంవత్సరములలో మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రవేత్త మా ప్రాంతమునకు వచ్చి ఈ స్త్రీల స్థితిని పరిశీలించి, 1982లో ఒక పుస్తకము ప్రకటించినారు. ఆమె వ్రాసిన దానిలో ముఖ్యమైనది ఇది: లోకపు బజారుకు సరుకు తయారు చేయుచున్న ఈ స్త్రీలను వ్యాపారులు పనివారుగా లెక్కింపలేదు. "ఇంటి పని అయిన తరువాత ఖాళీగా కూర్చుండలేక అల్లుకొను గృహిణులు" అనిరి. ఖాళీ సమయమునకు కూలి ఏమిటి? ఈ ఒక్క మాట మీద కూలిని ఎంత క్రిందికైన దింపవచ్చును. ఆ పుస్తకము వచ్చిన చాల ఏండ్లకు గాని నేను దాని సంగతి వినలేదు. వినిన దినమున నాకు కోపము రాలేదు. అప్పటికే ఆ మాట నాతో వేరొకరు చెప్పియుండిరి.

మా నాయనగారు ఏజెంటు. సైకిలు మీద దారము పట్టుకొని ఊళ్లు తిరిగి, తూచి ఇచ్చి, అల్లిన లేసు తూచి తెచ్చి, ఎగుమతిదారుకు ఇచ్చెడివారు. ఆయన తరువాత నేను చేపట్టి కొంచెము పెంచినాను. నా క్రింద నూట అరువదిమంది స్త్రీలు అల్లుచుండిరి. రేటు నేను చెప్పినదే. దారము తూకములో తేడా వచ్చిన తరుగు క్రింద కోత. మరక పడిన డ్యామేజీ క్రింద కోత. డబ్బు ఎగుమతిదారు నాకిచ్చినప్పుడు. అనగా రెండు నెలలకో మూడు నెలలకో. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు, అందరి పద్ధతి. అదే నాకు ధైర్యము.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మీలో పెద్దలకు జ్ఞాపకముండును. లంకలు, పల్లపు ఊళ్లు మునిగినవి. మా సంఘము తరపున బియ్యము పంచిరి. నేను పది బస్తాలు ఇచ్చినాను. ఆదివారము గుడిలో నా పేరు చదివిరి. నేను తల వంచుకొని కూర్చున్నాను గాని, లోపల సంతోషముగానే ఉన్నది.

ఆ వారములోనే స్త్రీలు లేసు తెచ్చిరి. ఇండ్లలోనికి నీరు వచ్చినందున సగము లేసు మీద బురద మరకలు. ఎంత ఉతికినను పోలేదు. నేను పద్ధతి ప్రకారము డ్యామేజీ కోసినాను. మా సంఘస్థురాలు, మా అమ్మగారి ఈడుది, నేను పెద్దమ్మా అని పిలుచు ఒక విధవరాలు తన వంతు డబ్బు లెక్క పెట్టుకొని, కొంగున ముడి వేసుకొని, లేవబోవుచు నెమ్మదిగా అడిగినది:

"బాబూ, ఒక మాట అడుగుతాను, కోపగించుకోకు. గుడి దగ్గర మాకు పోసిన బియ్యం, ఈ మరక లేసుకి పట్టుకున్న డబ్బుతో కొన్నవేనా?"

ఆమె ఎత్తిపొడుపుగా అడుగలేదు. తెలియక అడిగినది. అందుచేతనే నాకు జవాబు రాలేదు. ఆమె వెళ్లిన తరువాత పుస్తకము తీసి కూడి చూచినాను. ఆ వారము కోసిన కోతలు, పది బస్తాల ధర, రెండును దాదాపు సరిపోయినవి. నేనిచ్చినది నా దానము కాదు. వారి కూలి తీసికొని, వారికే బియ్యముగా పోసి, నా పేరు చదివించుకొన్నాను.

అప్పుడు మా సంఘములో ఉన్న గురువుగారి యొద్దకు పోయి చెప్పినాను. ఆయన నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. జాన్ ఉల్మన్ అను ఒక దర్జీ కథ చెప్పినారు.

ఉల్మన్ 1720లో అమెరికాలోని న్యూజెర్సీలో పుట్టిన క్వేకరు. మౌంట్ హోలీ అను చిన్న ఊరిలో ఒక అంగడిలో గుమాస్తా. ఒకనాడు యజమాని తన నీగ్రో బానిస స్త్రీని అమ్మివేసి, విక్రయ పత్రము వ్రాయుమన్నాడు. ఉల్మన్ తడబడి, యజమాని చెప్పినాడు గదా అని వ్రాసినాడు. వ్రాసియు, ఇది క్రైస్తవ మతమునకు తగినది కాదని అక్కడనే చెప్పినాడు గాని, ఆ వ్రాసిన చేయి అతనిని నిద్రపోనీయలేదు. తరువాత మరియొకడు అటువంటి పత్రము వ్రాయుమన్నప్పుడు వ్రాయనన్నాడు. తాను స్వంతముగా దర్జీపని చేయుచు, చిల్లర అంగడి పెట్టి, గుడ్డలు, నారబట్టలు అమ్మినాడు. వ్యాపారము ఏటేటా పెరిగినది. మన దృష్టికి అది దీవెన. అతనికి అది భారమైనది. అవసరమునకు గాక ఆడంబరము కొరకే కొను వస్తువులు అమ్ముట అతనికి ఇష్టము లేదు. బీదవారు తమ శక్తికి మించిన సరుకు అరువుమీద కొని అప్పులపాలగుట చూచినాడు. 1756లో అంగడి మానుకొన్నాడు. ఒక్కసారిగా తలుపు మూయలేదు. తన ఉద్దేశము ముందుగా ఖాతాదారులకు చెప్పి, వారు వేరే అంగడి చూచుకొనుటకు వ్యవధి ఇచ్చినాడు. తరువాత దర్జీపని, కొన్ని ఆపిలు మొక్కల పెంపకము, అంతే.

ఆ మిగిలిన కాలముతో అతడు బానిసలున్న క్వేకర్ల ఇండ్లకు పోయి, కోపము లేకుండ మాట్లాడినాడు. వారి ఇంట బస చేసినప్పుడు తనకు పరిచర్య చేసిన బానిసలకు కూలి ఇచ్చెడివాడు. 1758లో ఫిలడెల్ఫియా క్వేకర్ల వార్షిక సభ బానిసల క్రయవిక్రయములు చేయు సభ్యులమీద చర్య తీసికొనుటకు తీర్మానించినది. ఉల్మన్ 1772లో ఇంగ్లండులోని యార్కులో మశూచితో మరణించినాడు. 1776లో ఆ సభ, సభ్యులెవరును బానిసలను ఉంచుకొనరాదని నిర్ణయించినది.

గురువుగారు కథ ముగించి, "అంగడి మానుకోమని చెప్పడంలేదు. అతడు తన అంగట్లో నిలబడి దాన్ని చూశాడు. మీరూ చూడండి" అన్నారు.

చూచుట ఎట్లో నాకు తెలియలేదు. మా ఇంటిలో నా భార్య చూపించినది. ఆమె పెండ్లికి ముందు లేసు అల్లినదే. ఒక టేబుల్ మ్యాటు నమూనా తీసికొని, గడియారము ఎదురుగా పెట్టుకొని కూర్చున్నది. వంటకును, బిడ్డలకును లేచిన కాలము తీసివేసినాము. తొమ్మిది గంటలు పట్టినది. ఆ మ్యాటుకు నేనిచ్చుచున్న రేటు, వరి కోతకు పోయిన స్త్రీకి ఒక పూటకు వచ్చు కూలిలో సగము కూడ కాదు. నా భార్య మెడ నొక్కుకొనుచు, "ఏవండీ, ఈ తొమ్మిది గంటలు మీ పుస్తకంలో ఎక్కడ రాశారు?" అని అడిగినది. నా పుస్తకములో దారమున్నది, తూకమున్నది, తరుగున్నది, ఎగుమతిదారు బాకీ ఉన్నది. ఆ గంటలు ఎక్కడను లేవు. నేను కొని అమ్ముచున్నది నిజముగా ఆ గంటలనే. దారము వాటిని కట్టి ఉంచునది మాత్రమే.

అప్పటినుండి నాలుగు పనులు చేసినాము. మొదటిది, రేటు తూకమునుబట్టి గాక, అల్లుటకు పట్టు గంటలనుబట్టి కట్టినాము. రెండవది, కాటా ఆమె కన్నుల ఎదుట పెట్టి, దారము తూచి ఇచ్చునప్పుడే న్యాయమైన తరుగు ముందుగా విడిచినాము. నేల మీద పడిన ముక్కలకు ఆమె దండుగ కట్టనక్కరలేదు. మూడవది, లేసు తెచ్చిన దినముననే డబ్బు. కూలివాని కూలి ప్రొద్దు గుంకకముందే ఇయ్యవలెనని మోషే ధర్మశాస్త్రములో ఉన్నదని ఎన్నిమారులో విన్నాము. దానిని లేసు అల్లు స్త్రీకి అన్వయించి చెప్పగా నేను వినలేదు.

నాలుగవది నేను తలచినది కాదు. ఒక సంవత్సరము గడిచిన తరువాత, మెచ్చుకొనునన్న ఆశతో ఆ పెద్దమ్మను అడిగినాను: "ఇప్పుడు సరిపోయిందా పెద్దమ్మా?" ఆమె నవ్వి, "సరిపోయిందని నేనెలా చెప్పను బాబూ? లెక్క నీ దగ్గరే ఉంది గదా" అన్నది. మరల దొరికిపోతిని. మరుసటి వారము నుండి, ప్రతి నమూనాకు ఎగుమతిదారు నాకు ఇచ్చు ధర, దారము ఖర్చు, ఉతుకు ఇస్త్రీ ఖర్చు, కూలి, నా లాభము ఒక కాగితము మీద వ్రాసి గోడకు అంటించినాము. చదువురాని వారికి బిడ్డలు చదివి చెప్పిరి. నా లాభము పదిమంది చదువుచుండగా వినుట మొదట చాల కష్టముగా ఉండెను. మెల్లగా నాకు ఒకటి తెలిసినది. పైకి చదువగలిగిన లాభమే నిద్ర పట్టనిచ్చు లాభము.

దీనికి ధర చెల్లించలేదని అనుకొనకుడి. ఎగుమతిదారు ఒక్క పైసా పెంచలేదు. మొదటి సంవత్సరము నా లాభము దాదాపు సగము పడిపోయినది. తెచ్చిన దినముననే డబ్బు ఇయ్యవలెనన్న చేతిలో పెట్టుబడి ఉండవలెను. ఇల్లు కట్టుకొందమని కొన్న స్థలము అమ్మవలసి వచ్చినది. మా తమ్ముడు భాగము తీసికొని వేరుపడినాడు. అతని తప్పు లేదు, అతనికిని పిల్లలున్నారు. అన్నిటికంటె కష్టమైనది, నూట అరువదిమందికి ఈ రేటు ఇయ్యగల శక్తి నాకు లేకపోయెను. డెబ్బదిమందినే ఉంచుకొని, తక్కిన వారికి మూడు నెలలు ముందుగా చెప్పినాను. వారిలో అనేకులు పాత రేటుకే వేరొకరికి అల్లిరి. వారి విషయములో నేను న్యాయము చేసితినని ఈనాటికిని చెప్పలేను. కథలో అయిన అందరు సుఖపడుదురు. వ్యాపారములో ఒక న్యాయము చేయబోయిన, ప్రక్కన ఇంకొకటి మిగిలిపోవును.

మరియొక సంగతి దాచరాదు. 2001లో ఆర్డర్లు పడిపోయినప్పుడు నేను రెండు నెలలు డబ్బు నిలిపివేసినాను. డబ్బు లేదన్న మాట వారితో చెప్పుటకు సిగ్గుపడి, "రేపు రేపు" అని త్రిప్పినాను. గోడ మీది కాగితము కూడ చింపివేసినాను. నా భార్య మరల అంటించినది, ఈసారి నష్టము కూడ వ్రాసి. స్త్రీలు చదువుకొని, తమలో తాము మాట్లాడుకొని, "అయ్యగారూ, పెద్ద దుప్పట్లు ఆపేసి చిన్న చిన్న మ్యాట్లు అల్లుదాం. దారం తక్కువ, త్వరగా పోతాయి" అనిరి. ఆ సలహాతోనే ఆ ఏడు గట్టెక్కినాము. అంతవరకు నేను వారికి మేలు చేయుచున్నాననుకొన్నాను. వారును ఈ వ్యాపారమును మోయుచున్నవారేనని ఆనాడు తెలిసినది.

ఇప్పుడు పని నా కుమారుడు చూచుకొనుచున్నాడు. మిషను మీద చేసిన చవుక లేసుతో పోటీ ఉన్నది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆర్డర్లు నిలిచిపోయినవి. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినది, మనకందరికి గర్వకారణము. అయితే ఆ గుర్తింపు మన లేసు పేరును కాపాడును గాని, అల్లిన చేతికి ఎంత ముట్టవలెనో చెప్పదు. అది మన పుస్తకములోనే తేలవలెను. నన్ను ప్రశ్న అడిగిన పెద్దమ్మ చాల ఏండ్ల క్రిందట ప్రభువునందు నిద్రించినది. ఆమెకు నేను ఏ సహాయమును చేయలేదు. ఆమె సహాయము అడుగలేదు, లెక్క అడిగినది.

మీలో కిరాణా కొట్లవారున్నారు, మందుల షాపులవారున్నారు, టైలర్లు, ప్రెస్సులవారు, ట్యూషన్లు చెప్పువారు, రెండు ఆటోలు కొని బాడుగకు ఇచ్చువారు ఉన్నారు. నా పని మీకు పనికిరాదు. మీ పని మీదే. అయితే మూడు ప్రశ్నలు మీతో తీసికొనిపోవలెనని కోరుచున్నాను.

ఒకటి: నా లెక్కలో కనబడని వారెవరు? తెల్లవారక ముందే షట్టరు ఎత్తు కుర్రవాడా? సెలవు లేని గుమాస్తానా? జీతము లేకుండ కొట్లో కూర్చుండు నా భార్యయా? అనేకుల వ్యాపారములో మొదట దొరకు పేరు అదే.

రెండు: నా యొద్ద పనిచేసినవారికి డబ్బు ఎప్పుడు ముట్టుచున్నది? మన అప్పును బీదవారి చేత మోయించుట చాల సులువు, ఎందుకనగా వారు వడ్డీ అడుగరు.

మూడు: నేను అమ్మిన దానివలన ఆ ఇల్లు నిలుచునా, కూలునా? రోగికి నాలుగు మాత్రలు చాలునప్పుడు మొత్తము అట్ట అంటగట్టుట, జీతము రాకముందే అరువు ఖాతాలో పండుగ సరుకంతయు వ్రాయించుట, ఇవి చట్టము పట్టుకొను తప్పులు కావు. ఉల్మన్ అంగడి మానుకొన్నది ఇటువంటి వాటిని గూర్చియే.

ఈ మూటికి జవాబు దొరికిన తరువాత కానుకల సంచిలో వేయుడి, ధారాళముగా వేయుడి. కాని ముందు గల్లాపెట్టె సంగతి. లాభము గాక వేరొక ఉద్దేశము కొరకు మనము దూరము పోనక్కరలేదు. మన ఎదుట నిలిచి, డబ్బు లెక్క పెట్టుకొని, కొంగున ముడి వేసుకొనుచున్న మనుష్యుని ముఖములోనే అది ఉన్నది.

ఈ నూరేండ్లలో మన సంఘములను నిలువబెట్టిన కానుకలలో ఎక్కువ భాగము ఇటువంటి కొంగుముడుల నుండి వచ్చినవే. ఆ ముడులు విప్పి ఇచ్చినవారికి మనము బాకీపడియున్నాము. రాబోవు నూరేండ్లలో, మన అంగళ్లలోనే ఆ బాకీ తీర్చుటకు ప్రభువు మనకు కృపను, కొంచెము ధైర్యమును అనుగ్రహించును గాక.